ఛాతీ మీదికి ఎక్కే బొమ్మ: టీషర్టు డిజైన్లు పంపే కొత్తవారికి

జనం చేత బొమ్మలు గీయించి, జనం చేతే మార్కులు వేయించి, నెగ్గినదాన్ని టీషర్టు మీద అచ్చువేసి తిరిగి ఆ జనానికే అమ్మడం 2000లో షికాగోలో మొదలైంది. జేక్ నికెల్, జేకబ్ డిహార్ట్ అనే ఇద్దరు కుర్రవాళ్లు చెరో ఐదువందల డాలర్లు వేసుకుని థ్రెడ్‌లెస్ అని పేరు పెట్టి నడిపారు. తొలి విజేతలకు దక్కినవి ఉచిత చొక్కాలే. కొన్నేళ్లు తిరిగేసరికి బహుమతి రెండువేల డాలర్ల దాకా వెళ్లింది. మన దేశంలో ముంబయి నుంచి ఇంక్‌ఫ్రూట్ ఇదే పద్ధతిని పట్టుకుంది. ఆ రోజుల్లోనే నేనూ అందులో దిగాను.

అప్పటికి నాకు నడివయసు దాటింది. విజయవాడలో బోర్డులు రాసి, పెళ్లి శుభలేఖలు వేసి, ఎన్నికల టీషర్టులు లెక్క పెట్టలేనన్ని అచ్చుకొట్టిన చెయ్యి నాది. చొక్కా గురించి నాకొకరు చెప్పేదేముందని అనుకునేవాణ్ణి. ఉంది. చాలానే ఉంది. నాకు ఆలస్యంగా తెలిసినవి మీకు ముందుగా తెలిస్తే మేలని ఇవి రాస్తున్నాను. వీటిలో కొన్ని మీకు వెంటనే పనికిరాకపోవచ్చు. మొదటి డిజైను నెగ్గాక మళ్లీ ఒకసారి చదవండి.

1. తెర మీది బొమ్మను చూసి చొక్కాను నమ్మకండి.

కంప్యూటరు తెరకు వెనక నుంచి వెలుతురు ఉంటుంది. గుడ్డకు ఉండదు. తెర మీద పెద్దది చేసుకుని ఒక్కో పువ్వూ, ఒక్కో గజ్జే గీసుకుంటూ పోతాం. అదే బొమ్మ ఎదురుగా నడిచి వచ్చే మనిషి ఛాతీ మీద నాలుగు బారల దూరంలో కనిపించాలన్న సంగతి మరిచిపోతాం. నేను మొదట్లో పంపినవాటిలో కొండపల్లి అంబారీ ఏనుగు ఒకటి. అంబారీ మీది జాలీ పని, ఏనుగు వీపు మీది పట్టుగుడ్డ అంచు, మావటి తలపాగా ముడి, అన్నీ గీశాను. నా మటుకు నాకు అది నా పనితనానికి సాక్ష్యం. దాన్ని అసలు సైజులో కాగితం మీద తీసి గోడకు అంటించి గది అవతలి నుంచి చూస్తే ఎర్రగా ఏదో మరకలా ఉంది. ఆ పని పంపించకముందే చేసి ఉండాల్సింది. పంపించి, తక్కువ మార్కులు తెచ్చుకుని, మార్కులు వేసినవాళ్లకు కళ తెలియదని నాలుగు రోజులు తిట్టుకుని, ఆ తర్వాత చేశాను.

కాబట్టి మీ బొమ్మను అసలు సైజులో తీయండి. ఛాతీ బొమ్మ మామూలుగా పన్నెండు అంగుళాల వెడల్పు ఉంటుంది, కాలర్‌కు మూడంగుళాల కిందుగా మొదలవుతుంది. ఒక్క కాగితం చాలకపోతే రెండు అతికించి, పాత చొక్కాకు పిన్నులు గుచ్చి, ఇంట్లో ఎవరి చేతనైనా తొడిగించండి. నిలబడమనండి, కూర్చోమనండి. కూర్చోగానే బొమ్మ కింది భాగం మడతల్లోకి పోతుంది. అక్కడే మీరు అసలు చమత్కారం పెట్టి ఉంటే దాన్ని ఎవరూ చూడరు. పొట్ట ఉన్న మనిషికి అదే భాగం సాగుతుంది. స్క్రీన్ ప్రింటింగులో చిన్న సైజుకూ, డబుల్ ఎక్స్‌ఎల్‌కూ సాధారణంగా ఒకే ఫ్రేము వాడతారు. అంటే ఒకరి ఒంటి మీద ఛాతీ నిండిన బొమ్మ ఇంకొకరి ఒంటి మీద చిన్న ముద్రలా ఉంటుంది. ఇక ఆడపిల్లలు తొడుక్కునే చొక్కా సంగతి మగవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. బొమ్మలో రెండు గుండ్రటి ఆకారాలు పక్కపక్కన ఉంటే అవి ఎక్కడ పడతాయో చూసుకోండి. ఈ ఒక్క కారణంతో మంచి డిజైన్లు మూలన పడటం చూశాను. గీసినవాడికి ఎవరూ చెప్పలేక ఊరుకున్నారు.

ఛాతీ నిండా నలుచదరంగా రంగు పులిమే డిజైను ఇంకొక తప్పు. మామూలు ప్లాస్టిసాల్ ఇంకు గుడ్డ మీద పొరలా కూర్చుంటుంది. దానిలోంచి గాలి ఆడదు. అలాంటి చొక్కాను షికాగో చలిలో తొడుక్కుంటారేమో గాని మే నెల బెజవాడలో ఎవడు తొడుక్కుంటాడు? బొమ్మలో అక్కడక్కడా ఖాళీ వదలండి, గుడ్డ కనిపించనివ్వండి.

2. రంగులు పెంచడం సులువు, తగ్గించడమే పని.

స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకూ ఒక్కో ఫిల్మ్, ఒక్కో ఫ్రేము కావాలి. మందు పూసి, ఆరబెట్టి, ఎక్స్‌పోజ్ చేసి, కడిగి, ఫ్రేములన్నిటినీ ఒకదానితో ఒకటి సరిగ్గా కుదిర్చి, స్క్వీజీతో ఇంకు లాగాలి. నల్ల చొక్కా అయితే రంగుల కింద ముందు తెల్లటి పొర వేయాలి, లేకపోతే పసుపు రంగు మసకబారిన ఆవపొడిలా వస్తుంది. అంటే మీరు అయిదు రంగులని లెక్కపెట్టుకున్నది అచ్చు దగ్గర ఆరు ఫ్రేములవుతుంది. ఒక ఫ్రేము వెంట్రుకవాసి జరిగినా రెండు రంగుల మధ్య గుడ్డ పళ్లు ఇకిలిస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముదురు గీతను లేత రంగు మీదికి కాస్త ఎక్కించి గీస్తారు.

ఇవన్నీ నా చేతుల మీదుగా జరిగిన పనులే. అయినా గీసే పలక కొని కంప్యూటరు ముందు కూర్చోగానే అన్నీ మరిచిపోయాను. నీడలు, మెరుపులు, పొగమంచులా కరిగిపోయే అంచులు పెట్టాను. పరికరం చేతిలో ఉంటే వాడకుండా ఉండలేని బలహీనత అది. అలాంటి డిజైను ఒకటి ఎంపికైంది కూడా. అచ్చువేసేవాళ్లు నాలుగు రంగుల్లోకి దించి ఇవ్వమన్నారు. దించితే బొమ్మలో ఏమీ మిగల్లేదు. మెరుపుల కింద గీతే లేదని నాకు అప్పుడు అర్థమైంది.

చొక్కా రంగును కూడా మీ రంగుల్లో ఒకటిగా లెక్కపెట్టండి. నల్ల చొక్కా మీద కాకిని గీయాలంటే నల్లరంగు అక్కర్లేదు, కాకి చుట్టూ ఉన్నదాన్ని గీస్తే చాలు. లేత నీడ కావాలంటే అదే రంగును చుక్కలుగా విడగొట్టండి. పాత వారపత్రికల్లో ఫొటోలు దగ్గరగా చూసినవారికి ఈ చుక్కలు తెలుసు. ఒక పాయింటు కంటే సన్నటి గీతలు పెట్టకండి, ఫ్రేము కడిగేటప్పుడే సగం పోతాయి.

ఇప్పుడు గుడ్డ మీదే నేరుగా ఇంకు చిమ్మే యంత్రాలు, ఫిల్మ్ మీద తీసి వేడితో అతికించే పద్ధతులు వచ్చాయి. రంగుల లెక్క అక్కర్లేదని కుర్రవాళ్లు నాతో అంటారు. నిజమే. కానీ ముదురు చొక్కా మీద వాటికీ కింద తెల్లపొర వేస్తారు. సగం పారదర్శకంగా వదిలిన అంచు దగ్గర ఆ తెలుపు గరుకుగా బయటపడుతుంది. ఫిల్మ్‌తో అతికించిన పెద్ద బొమ్మ ఒంటికి ప్లాస్టిక్ కాగితం కట్టినట్టుంటుంది. పద్ధతి ఏదైనా ఫైలు అసలు సైజులో అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. అమెజాన్ వారి మెర్చ్ సేవకు పంపేవారిని అడిగే కొలత 4500 × 5400 పిక్సెళ్లు, వెనక రంగు లేని పీఎన్‌జీ ఫైలు. ఫోన్లో గీసిన చిన్న బొమ్మను సాగదీసి ఆ కొలతకు తెస్తే కొలత కుదురుతుంది, బొమ్మ కుదరదు.

3. ఓటు వేసినవాడు కొంటాడని లేదు.

థ్రెడ్‌లెస్‌లో సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసేవారు. వారం రోజులు గడువు. మార్కుతో పాటు "ఇది నేను కొంటాను" అని టిక్కు పెట్టే చిన్న గడి ఉండేది. నేను ఆ గడిని పట్టించుకోలేదు. సగటు మార్కు ఎంతని గంటగంటకూ చూసుకునేవాణ్ణి. మేనల్లుళ్లకు, అమెరికాలో ఉన్న మిత్రుల పిల్లలకు, దుకాణానికి వచ్చే కాలేజీ కుర్రాళ్లకు చెప్పి అయిదులు వేయించుకున్నాను. మార్కు పెరిగింది. డిజైను మాత్రం అచ్చు కాలేదు. ఎక్కువ మార్కులు వచ్చినదాన్నల్లా వాళ్లు అచ్చువేసేవారు కాదు. బాగా నెగ్గినవాటిలోంచి వాళ్ల సిబ్బంది ఏరుకునేవారు. నాకు మార్కులు వేసిన బంధువుల్లో ఎవరూ ఆ గడిలో టిక్కు పెట్టలేదని తర్వాత అడిగితే తెలిసింది. "బాగుంది బాబాయ్, కానీ అది వేసుకుని ఆఫీసుకు ఎలా వెళ్తాం?" అన్నాడు ఒకడు. ఆ మాట వాడు ముందే అని ఉంటే నేను కోపగించుకునేవాణ్ణి. అందుకే అనలేదు.

అప్పటి నుంచి ఇంట్లోవాళ్లను "బాగుందా" అని అడగడం మానేశాను. "ఇది ఎక్కడికి వేసుకెళ్తావు?" అని అడుగుతాను. జవాబు వెంటనే వస్తే డిజైనులో ఏదో ఉందని అర్థం. తడబడి, పొగిడి, మాట మారిస్తే లేదని అర్థం. తొడుక్కునే మనిషి మీ బొమ్మతో తన గురించి ఏదో చెప్పుకుంటున్నాడు. మీ గురించి కాదు. మీ పనితనం చూపించడానికి తన ఛాతీ ఎందుకు అద్దెకిస్తాడు?

ఓట్ల కోసం దొంగ ఖాతాలు తెరిచేవాళ్లను గురించి ఎక్కువ చెప్పను. పట్టుబడితే డిజైనుతో పాటు పేరూ పోతుంది.

4. అందరూ గీస్తున్నదాన్ని మీరు గీసేసరికి ఆలస్యమవుతుంది.

నేను చేరిన రోజుల్లో ఎక్కడ చూసినా గుడ్లగూబలు, ఆక్టోపస్‌లు, వ్యోమగాములు, పుర్రెలు, మీసాలు. నేనూ ఒక ఆక్టోపస్ గీశాను. కృష్ణానది ఒడ్డున పుట్టి పెరిగినవాడికి ఆక్టోపస్‌తో ఏం పని? ఎనిమిది చేతులతో హార్మోనియం, తబలా, తాళాలు అన్నీ వాయిస్తున్నట్టు పెట్టాను. కొత్తగా ఉందనుకున్నాను. అదే వారంలో ఎవరో డ్రమ్ములు వాయించే ఆక్టోపస్ పంపారు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

5. తెలుగు అక్షరం వేస్తే అది విరగకుండా చూసే పూచీ మీదే.

ఈ పాఠం మీద నాకు పట్టింపు ఎక్కువ. అచ్చువేసే ఫ్రేము దగ్గర నిలబడ్డ మనిషికి తెలుగు రాకపోవచ్చు. అతను తిరుప్పూరులో ఉండవచ్చు, అమెరికాలో ఉండవచ్చు. మీ ఫైలు తెరిచినప్పుడు ఒత్తులు ఊడి పక్కన పడితే అతనికి తెలియదు, అలాగే కొట్టేస్తాడు. ఫొటోషాప్ పాత రకాల్లో తెలుగు పెడితే ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడేవి. తర్వాత వచ్చిన కొన్నిటిలో కూడా వరల్డ్ రెడీ లేఅవుట్ అన్న ఎంపిక పెట్టకపోతే ఆ ప్రమాదం ఉంది. డీటీపీ చేసినవాళ్లకు అలవాటైన అను ఫాంట్లతో ఇంకో తిప్పలు. ఆ ఫాంటు లేని యంత్రంలో మీ పద్యపాదం కాస్తా ఇంగ్లిషు అక్షరాలూ గుర్తుల కుప్పగా మారుతుంది. అందుకే అక్షరాలను కర్వ్స్ చేసి, అంటే ఫాంటు అక్కర్లేని గీతలుగా మార్చి, పంపండి. చేశాక ఇంకొకరి చేత చదివించండి. మీ కంటికి మీ తప్పు కనిపించదు.

నాకు తగిలిన దెబ్బ ఇంకో రకం. ఒక కాలేజీ పిల్లలకు ధైర్యం అన్న మాటను పెద్దగా రాసి ఇచ్చాను. ఫైలులో ధ సరిగ్గానే ఉంది. దాని కింది చిన్న గీతను మాత్రం అందం కోసం బాగా సన్నగా లాగాను. ఎక్స్‌పోజింగులో ఆ గీత నిలవలేదు. అచ్చైన చొక్కాలన్నిటి మీదా దైర్యం అని వచ్చింది. పిల్లలు గమనించలేదు, సంతోషంగా తొడుక్కుని వేదికెక్కారు. గమనించినవారు వాళ్ల తెలుగు మాస్టారు. ఆయన నన్ను ఏమీ అనలేదు, చొక్కాను వేలితో చూపించారు. బోర్డులు రాసుకుని బతికిన నాకు అది చాలు.

ఘ, ఝ, క్ష లాంటి అక్షరాల్లోని చిన్న గుంటలు ఇంకుతో పూడుకుపోతాయి. వాటిని కొంచెం తెరిచి గీయండి. రెండు వరుసలు రాస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని కొట్టకుండా చోటు వదలండి. ఇంగ్లిషు అక్షరాల్లా పెట్టెలో ఇమడాలని ఒత్తును కుదించకండి. తెలుగు అక్షరానికి కిందా పైనా చోటు కావాలి, ఇవ్వండి. మంచి ఫాంట్లు లేవని వగచే కాలం పోయింది. రామభద్ర, మండలి, సురవరం, ధూర్జటి, ఎన్టీఆర్, తెనాలి రామకృష్ణ లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, అమ్మే చొక్కా మీదా వాడుకోవచ్చు. "సొంత వాడకానికి ఉచితం" అని రాసి ఉన్నవి మాత్రం డబ్బు వచ్చే పనికి వాడకూడదు. అన్నిటికన్నా మంచిది, మీ చేత్తో రాయడం.

తెలుగు రానివారు ఓటు వేసే చోటికి పంపేటప్పుడు ఆ మాట ఏమిటో వివరణలో రాయండి. అక్షరాల గుండ్రదనం వాళ్లకు ఎలాగూ నచ్చుతుంది. కానీ తన ఛాతీ మీద ఏం రాసి ఉందో తెలియకుండా ఎవరూ డబ్బు పెట్టరు.

6. ఇంకొకరి గీతను మీ చొక్కా మీద ఎక్కించుకోకండి.

మనవాళ్లకు బాపు బొమ్మ మీద మోజు. నాకూ ఉంది. ఆ కన్ను, ఆ జడ, ఆ నడుము వంపు నా చేతికి తెలియకుండానే వచ్చేస్తాయి. ఒకసారి అలా వచ్చినదాన్ని నా సొంతమని పంపాను. చూసినవారిలో ఒక తెలుగాయన నెమ్మదిగా, "ఇది చాలా బాగుంది, బాపుగారిదేగా?" అని రాశాడు. నేను ఆ డిజైను వెనక్కి తీసుకున్నాను. ఆయన మాటలో వెటకారం లేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

చట్టం సంగతీ తెలుసుకోండి. మన దేశంలో కాపీరైటు చిత్రకారుడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. బాపు 2014లో పోయారు. ఆయన బొమ్మలకు 2074 చివరిదాకా హక్కుదారులు ఉంటారు. 1906లో పోయిన రాజా రవివర్మ చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. సినిమా తారల ముఖాలు వేసి అమ్ముకునే రోజులూ మారుతున్నాయి. అక్కినేని నాగార్జున 2025లో తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడకుండా ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు. అభిమానంతో వేశామంటే కోర్టు వినదు, చొక్కాకు ధర పెట్టారు కదా. శ్రీకాళహస్తి కలంకారీ, చేర్యాల పటాలు, కొండపల్లి బొమ్మలు భౌగోళిక గుర్తింపు ఉన్నవి. ఆ శైలి చూసి ఉత్సాహపడి గీయడం వేరు, యంత్రం మీద కొట్టిన చొక్కాకు ఆ పేరు తగిలించి అమ్మడం వేరు.

యంత్రాన్ని అడిగి బొమ్మ గీయించుకుని పంపడం ఇప్పుడు కొత్త వాటం. కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల ఒప్పుకోరు, నిబంధన చదవండి. ఒప్పుకున్న చోట కూడా అది యంత్రం పని అని దాచకండి. ఆ బొమ్మ ఎవరి గీతలోంచి వచ్చిందో మీకే తెలియనప్పుడు దాని మీద సంతకం ఎలా పెడతారు?

7. దేవుడి బొమ్మ వేసే ముందు ఉతికే తొట్టి గుర్తు తెచ్చుకోండి.

చొక్కా చెమటకు తడుస్తుంది, కింద పడుతుంది, చివరికి ఇల్లు తుడిచే గుడ్డ అవుతుంది. వెంకటేశ్వరస్వామి నామాలు వేసిన చొక్కా నా దగ్గర అచ్చువేయించుకున్నవారు ఉన్నారు, వాళ్ల భక్తిని నేను శంకించను. కానీ అది పాతబడ్డాక ఏం చేయాలో తెలియక బీరువాలో దాచుకున్నవాళ్లూ ఉన్నారు. 2011లో ఆస్ట్రేలియాలో ఈత దుస్తుల మీద లక్ష్మీదేవి బొమ్మ వేసిన కంపెనీ పెద్ద గొడవయ్యాక క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, శంఖం, దీపం, తామర లాంటి గుర్తులతో చెప్పగలిగినదాన్ని విగ్రహంతో చెప్పనక్కర్లేదు.

8. ఒప్పందం చదవకుండా ఒప్పుకున్నానని ఒక్క టిక్కు కూడా పెట్టకండి.

నా పశ్చాత్తాపాల్లో పెద్దది ఇదే. ఒక డిజైను కొంటామని ఒక సంస్థ రాసింది. డబ్బు నాకు ఆ నెల అవసరం. పొడుగాటి ఇంగ్లిషు కాగితం అడుగున సంతకం పెట్టేశాను. డబ్బు ఒక్కసారి వచ్చింది. ఆ బొమ్మ తర్వాత చొక్కాల మీద, కప్పుల మీద, సంచుల మీద ఏళ్ల తరబడి తిరిగింది. నాకు పైసా రాలేదు. అడిగితే కాగితం చూపించారు. వాళ్లది మోసం అనలేను, అందులో అంతా రాసే ఉంది. చదివే ఓపిక లేనిది నాకే.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని లెక్కిస్తారు. తీసుకున్నవారు ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, హక్కు వెనక్కి వస్తుంది. 57వ సెక్షన్ కింద హక్కులు అమ్మేశాక కూడా ఇది నా పని అని చెప్పుకునే అధికారం మీకు ఉంటుంది. ఇంకో సూక్ష్మం ఉంది. డిజైన్ల చట్టం కింద నమోదుకు తగ్గ డిజైనును నమోదు చేయకుండా వస్తువు మీద 50కి మించి యంత్రంతో అచ్చువేస్తే ఆ డిజైను మీద కాపీరైటు పోతుందని కాపీరైటు చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. గుడ్డ మీది బొమ్మ ఎప్పుడు కళ, ఎప్పుడు డిజైను అన్నది కోర్టుల్లో వాదించుకునే విషయం. మీ బొమ్మ బాగా అమ్ముడయ్యే సూచన కనిపిస్తే వకీలు దగ్గర ఒక గంట కూర్చోవడం దండగ కాదు.

చదివేటప్పుడు ముఖ్యంగా నాలుగు సంగతులు వెతకండి. హక్కు పూర్తిగా ఇస్తున్నారా, వాడుకోనిస్తున్నారా. చొక్కాకేనా, అన్ని వస్తువులకా. ఎన్నాళ్లు. మళ్లీ అచ్చువేస్తే మళ్లీ డబ్బు ఉందా. ఓటింగు జరుగుతుండగా అదే డిజైను ఇంకోచోటికి పంపకూడదన్న షరతు చాలాచోట్ల ఉంటుంది, దాన్ని మీరితే రెండుచోట్లా చెడతారు. అమెరికా సంస్థల నుంచి రాయల్టీ వచ్చేవారు డబ్ల్యూ-8బెన్ అనే ఫారం నింపాలి. అది లేకపోతే అక్కడే 30 శాతం పన్ను కోస్తారు. మన రెండు దేశాల పన్ను ఒప్పందం కింద రాయల్టీకి ఆ కోత మామూలుగా 15 శాతమే. ఫారం నింపడానికి పాన్ కార్డు, కాస్త ఓపిక చాలు.

9. కొత్తవాడి డిజైనును చూసి నోరు జారకండి.

నాకు కొంచెం పేరు వచ్చాక నా అభిప్రాయం అడిగేవారు మొదలయ్యారు. అది తలకెక్కింది. శ్రీకాకుళం వైపు నుంచి ఒక కుర్రవాడు వలలు ఆరేసిన ఒడ్డును గీసి పంపాడు. గీత బలహీనంగా ఉంది, రంగులు ఎక్కువైపోయాయి. "ముందు గీయడం నేర్చుకుని అప్పుడు చొక్కాల జోలికి రా" అని నలుగురూ చదివే చోట రాశాను. ఆ మాట చదివి మరికొందరు నవ్వారు. ఆ పిల్లవాడు "సరే అండీ" అని ఒక్క మాట రాసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

చాలాకాలం తర్వాత పాత ఫైళ్లు వెతుకుతుంటే ఆ బొమ్మ కంటపడింది. వల చొక్కా ఎడమ భుజం మీద నుంచి జారి కుట్టు దాటి వెనక్కి వెళ్లేట్టు పెట్టాడు. చొక్కా అంటే ముందు వైపు మాత్రమే కాదని అతనికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నాకు అంత అనుభవంలోనూ తట్టని ఆలోచన అది. నేను గీతను చూశాను, చొక్కాను చూడలేదు. రంగులు నాలుగుకు తగ్గించమని, గీత కాస్త లావు చేయమని చెబితే సరిపోయేది. అది నాకు చేతనైన పనే. అతను బొమ్మ పంపిన చిరునామాకు రాశాను, జవాబు లేదు. కోపంతో రాయలేదో, ఆ చిరునామాయే మారిందో.

మీ డిజైనును ఎవరైనా ఇలా కొట్టిపారేస్తే ఆ రాత్రికి జవాబు రాయకండి. మర్నాడు ఆ మాటల్లోంచి కోపం తీసేసి, పనికొచ్చేది ఉంటే ఉంచుకోండి. "బాగుంది" అన్నవాడి కంటే "కాలర్‌కు బాగా దగ్గరైంది" అన్నవాడు మీకు ఎక్కువ సాయం చేశాడు, అతనికి కృతజ్ఞతలు చెప్పండి. ఇక మీ వంతు వచ్చి ఇంకొకరి పనిని చూడాల్సి వచ్చినప్పుడు ముందు దాన్ని అసలు సైజులో చూడండి. అందులో ఏది నిలుస్తుందో, ఏది మార్చాలో, ఎలా మార్చాలో మూడూ రాయండి. మూడోది రాయలేకపోతే రెండోది కూడా రాయకండి.